నిండుకున్న తుపాకి

తుపాకి పేలిన రోజు, అది పేలడానికి కొన్ని గంటల ముందు, నేను దాని గొట్టంలోకి ఒక కన్ను మూసి చూశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెబితే ఇన్నేళ్ల తర్వాత కూడా ఉన్నచోటే కూలబడుతుందని తెలుసు. అవ్వకు, అంటే మా నాయనమ్మకు, చెబుదామని ఎన్నోసార్లు ఆమె పక్కన చేరి, చివరకు కందులు చెరగడం గురించో, పక్కింటి బర్రె ఈనడం గురించో అడిగి లేచి వచ్చేసేదాన్ని. ఏళ్ల తరబడి డైరీ రాస్తున్నాను. చదివిన ప్రతి పుస్తకం గురించీ, దారిలో విన్న ప్రతి కొత్త మాట గురించీ అందులో ఉంటుంది. ఇది మాత్రం లేదు. గొట్టం అంచు కనుబొమ్మకు చల్లగా తగిలింది. నూనె వాసన, దాని వెనక కాలిన మందు వాసన. లోపల చీకటి. చీకటి తప్ప ఏమీ కనబడలేదు కాబట్టి ఏమీ లేదనే అనుకున్నాను. అప్పుడు నాకు పదేళ్లుంటాయేమో. చీకటంటే ఖాళీ అని నమ్మే వయసు.

పోయిన నెల కాక మా ఇంటికి రాకపోతే ఇదంతా ఇప్పుడు కూడా రాసేదాన్ని కాదు. కాక అంటే మా నాయన తమ్ముడు. నాయన నా చిన్నప్పుడే పోయాడు. నేనూ అమ్మా జహీరాబాద్‌లో, లారీల మోత వినబడేంత దగ్గరలో, హైవే వెనక వీధిలో అద్దెకుంటున్నాం. నేను ఎరువుల దుకాణంలో బిల్లులు కొడతాను. ఆ రోజు ఆదివారం. కాక చిన్నమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో ఒక కాగితం. తాత పేరున ఉన్న తుపాకిని తన పేరుకు మార్పించుకోవాలట. అందుకు తాత వారసులందరూ మాకేమీ అభ్యంతరం లేదని సంతకం చెయ్యాలట. నాయన బదులు అమ్మా, నేనూ. ఆ కాగితాన్ని అమ్మ కుట్టుమిషను మీద పరిచి, పెన్ను మూత తీసి నాకు అందించాడు. అమ్మ నావైపు చూసి, "రేణుక ఎట్లంటె అట్లనే తమ్మీ, నాకేం తెలుసు" అంది. ఎప్పుడూ అంతే, అమ్మ తన భయాన్ని నా చేతిలో పెడుతుంది. పెన్ను వేళ్ల మధ్యకు రాగానే నాకు ఎక్కడినుంచో మెంతుల వాసన వచ్చింది. ఆ గదిలో మెంతులు లేవు.

మెంతులకూ తుపాకికీ సంబంధం ఏమిటో చెప్పాలంటే ఝరాసంగం దిక్కున ఉన్న మా ఊరి ఇంటికి పోవాలి. నాయన పోయాక అమ్మా నేనూ తాత దగ్గరే ఉండేవాళ్లం. మెట్టలో జొన్న, కంది. బోరు కింద చెరుకు, అల్లం. అల్లం తవ్వే రోజుల్లో ఇంటినిండా తడిమట్టి కలిసిన ఘాటు. కప్పుకునే దుప్పట్లకు, ఆరేసిన బట్టలకు, చివరికి తాగే మజ్జిగకు కూడా అదే వాసన. ఆ మళ్లు మాకంటే ఎక్కువగా అడవి పందులకు తెలుసు. చెరుకును నమిలి ఉమ్మేసేవి. అల్లం తినకపోయినా, మట్టిలో ఉండే ఎర్రల కోసం మళ్లన్నీ మూతితో దున్ని పోసేవి. పంట కాపలాకని తాతకు లైసెన్సు ఉన్న ఒంటిగొట్టం తుపాకి ఉండేది. నడిమింట్లో, దేవుని గూటికి ఎదురుగోడన, కొయ్యమేకుల మీద అది పడుకుని ఉండేది. మా ఇంటికి వచ్చిన మగవాళ్లందరూ మంచినీళ్లు తాగుతూ ఒకసారి దాని వైపు చూసేవారు. ఆడవాళ్లు చూసేవారు కాదు.

తాత రాత్రంతా పంటకు కావలి కాసి, పొద్దున్నే వచ్చి ఇంటి కడప, అంటే గడప, ముందు ఆగేవాడు. అవ్వ పొయ్యి దగ్గరినుంచి లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, అరచెయ్యి చాపేది. తాత తుపాకిని నడుం దగ్గర వంచి, తూటా తీసి, ఆ అరచేతిలో పెట్టాలి. అప్పుడే కాలు లోపల పెట్టాలి. ఎంత వానలో తడిసి వచ్చినా, ఎంత ఆకలితో వచ్చినా అదే పద్ధతి. అవ్వ ఆ తూటాను గుడ్డలో ముడిచి మెంతుల డబ్బాలో దాచేది. మళ్లీ సాయంత్రం తాత కడప దాటాక, బయట నిలబడినవాడికే అందించేది. మా ఇంటి తూటాలు మెంతుల వాసన వేసేవంటే ఎవరూ నమ్మరు.

తాత రోజూ సణిగేవాడు. "దొంగనా ఏందే నేను, నా ఇంటి కడపల నాకే తలాషా?"

"తలాష్ గాదు, సుంకం. నా ఇంట్లకు రావాల్నంటె సుంకం కట్టి రా."

"రాత్రంత పందులు భయపెట్టె, పొద్దుగాల్ల నువ్వు."

"పందులకు తూటా ఇచ్చినవ్, నాకియ్యవా?"

ఇద్దరూ నవ్వరు. కానీ ఆ మాటలు అయ్యాకే మా ఇంట్లో తెల్లవారేది.

అవ్వకు తూటా అంటే ఎంత భయమో, మాటంటే అంతకంటే ఎక్కువ భయం. ఇంట్లో చెడ్డ మాట పడితే అది నిజమై కూర్చుంటుందని ఆమె నమ్మకం. మా దిక్కు ఏదైనా అయిపోతే అందరూ ఒడిసిందంటారు. అవ్వ అననిచ్చేది కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనాలి. దీపం ఆరితే కొండెక్కింది అనాలి. గాజు పగిలితే పెరిగింది అనాలి. నాకు ఈ తలకిందుల మాటలంటే ఎంతో ఇష్టం. లేనిదాన్ని నిండుగా ఉందని చెప్పి ఇల్లు కాపాడుకోవడం నాకు ఒక మాయలాగా ఉండేది. స్నేహితులు లేని పిల్లను. ఆ మాటలే నాకు ఆటవస్తువులు.

చిన్నమ్మకు మాత్రం అవి రోజూ పరీక్ష. ఆమె పేరు నీలమ్మ. బీదర్ అవతలి ఊరు, పుట్టింట్లో కన్నడం. కాకను చేసుకుని మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. "అత్తమ్మా, చక్కెర డబ్బ ఖాళి" అని ఆమె నోరు తెరవడమే ఆలస్యం, "నీలమ్మా!" అని అవ్వ గొంతు లేచేది.

"నిండుకున్నది అనాలె బిడ్డా. ఏమనాలె?"

"నిండుకున్నది అత్తమ్మా."

"ఆఁ. గట్ల."

అవ్వ అటు తిరగగానే చిన్నమ్మ నా చెవిలో, "రేణుకా, డబ్బ నిండ చక్కెర ఉంటె మల్ల ఏమనాలె?" అనేది. ఇద్దరం నోళ్లకు కొంగులూ చేతులూ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. ఆ ప్రశ్న అవ్వను అడగాలని నాకు తోచలేదు.

ఆ ఏడు వానాకాలంలో తాత మోకాళ్లు పట్టేసి మంచాన పడ్డాడు. కావలికి కాక పోవడం మొదలుపెట్టాడు. కాక కూడా కడప దగ్గర ఆగి తూటా ఇచ్చేవాడు, కానీ తాతలా నిలబడి సణిగేవాడు కాదు, ఒంటికాలి మీద తొందరపడేవాడు. దసరా రోజు అతను బాగా పొద్దెక్కి వచ్చాడు. చెరుకులో దూరిన పందులు తెల్లారినా బయటికి రాలేదట. అప్పటికే ఇల్లంతా బెల్లం పాకం, యాలకుల వాసన. అవ్వ రెండు చేతులూ పోలెల పూర్ణంలో ఉన్నాయి.

"అమ్మా, తూటా!"

"చేతులు పూర్ణంల ఉన్నయ్‌రా. ఆగు జర."

"నిద్రొస్తుంది నాకు. మల్ల ఇస్త తియ్యి."

అవ్వ ఏదో అంది. పెనం మీద నెయ్యి చిటపటలో నాకు వినబడలేదు. కాక కడప దాటాడు. తుపాకి మేకుల మీదికెక్కింది. కాక మళ్లీ ఇద్దామనుకుని పడుకుని, లేచాక కూడా ఇవ్వడం మరిచిపోయాడు. అవ్వ, పని సందడిలో, తూటా ఎవరి చేతుల మీదుగానో మెంతుల డబ్బాకు చేరి ఉంటుందనుకుంది.

దసరాకు మా ఇంట్లో పనిముట్లన్నిటికీ పూజ. కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రు, తాత గడ్డం గీసుకునే కత్తి, అమ్మ కుట్టుమిషను. తుపాకి కూడా పనిముట్టే కదా. అన్నీ నడిమింట్లో జంపఖానా మీద పరవాలి. బొట్లు పెట్టే పని నాది, బంతిపూల దండలు కట్టే పని చిన్నమ్మది. తుపాకిని దించడానికి చెయ్యి ఎత్తి చిన్నమ్మ ఆగింది. ఆమె ఏ పనైనా అడగకుండా చేసే మనిషి కాదు. కాక అప్పుడే నిద్ర లేచి, పెరట్లో బండ మీద కూర్చుని నెత్తిన చెంబుతో నీళ్లు గుమ్మరించుకుంటున్నాడు.

"ఇగో, ఇంటున్నరా? తుపాకి దించుతున్న. ఖాళి ఉన్నదా?"

వంటింట్లోంచి అవ్వ అరిచింది. "పండుగ పూట ఖాళీ అంటవేందే నీలమ్మా!"

చిన్నమ్మ నాలుక కరుచుకుంది. మళ్లీ అడిగింది, ఈసారి మా ఇంటి భాషలో.

"నిండుకున్నదా?"

నీళ్ల చప్పుడులోంచి కాక గొంతు వినబడింది. "ఆఁ, నిండుకున్నది. జర పైలం."

చిన్నమ్మ అడిగింది తూటా అయిపోయిందా అని. తుపాకి గురించి ఆ మాట ఎప్పుడూ వినని కాక విన్నది లోపల తూటా ఉందా అని. ఇద్దరూ నిజమే మాట్లాడుకున్నారు. ఇక పైలం అనే మాట మా ఊళ్లో ఆటో ఎక్కేవాళ్లకూ చెబుతారు, నీళ్లకు పోయేవాళ్లకూ చెబుతారు. దాన్ని ఎవరూ హెచ్చరికగా వినరు. చిన్నమ్మ తుపాకిని రెండు చేతులతో, పసిపిల్లను దించినట్టు దించి జంపఖానా మీద పెట్టింది. నేను దాని చెక్క మడమ మీద ఒక బొట్టు, గొట్టం మీద ఒక బొట్టు పెట్టాను. పెట్టి, చిన్నమ్మ దండ అందుకోవడానికి అటు తిరిగినప్పుడు, వంగి ఒక కన్ను మూశాను.

చిన్నమ్మ దండను గొట్టానికి చుట్టి, జారిపోకుండా దారం కొసను కింద మీట చుట్టూ తిప్పి ముడి వేసింది. పూజ అయ్యేదాకా ఆ తుపాకి పూలు పెట్టుకుని అట్లాగే ఉంది. దాని మూతి మా వైపే ఉంది. హారతి ఇచ్చాక మేమందరం ఒకరి తర్వాత ఒకరం దాని ముందు వంగి దండం పెట్టుకున్నాం. తాత కూడా మంచం మీంచి దిగి, గోడ పట్టుకుని వచ్చి వంగాడు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనబడేది పేలిన క్షణం కాదు, ఈ దండాలే.

భోజనాలయ్యాక అవ్వ, "పొద్దు వాలితె జమ్మి ఇయ్యనీకి ఊరంత వస్తరు, దాన్ని ఎక్కడిదక్కడ పెట్టున్రి" అంది. చిన్నమ్మ లేచింది. నేను కొడవళ్ల మీది పూలు తీసి పళ్లెంలో వేస్తున్నాను. ఆమె తుపాకిని నిలబెట్టి, ఎడమచేత్తో గొట్టం కొస దగ్గర పట్టుకుని, కుడిచేత్తో దండ లాగింది. దారం మీటకు బిగుసుకుంది. "అయ్య, చిక్కు పడ్డదిది" అని నవ్వి, ఇంకొంచెం గట్టిగా లాగింది.

చప్పుడు నాకు గుర్తు లేదు. పళ్లెం చేతిలోంచి పోయింది. గోడ సున్నం పొడిగా లేచి గదంతా తెల్లగా అయింది. ఆ తెలుపులో చిన్నమ్మ నిలబడే ఉంది, నోరు తెరిచి, అరవకుండా. ఆమె ఎడమచెయ్యి ఎర్రగా ఉంది. పసుపు బంతిరేకులు జుట్టు నిండా. తర్వాత ఆమె కుడిచెయ్యి వచ్చి నా భుజం పట్టుకుంది. ఆ పట్టు నేనెప్పటికీ మరిచిపోను. అవ్వ పండక్కి కట్టుకున్న కొత్త చీర కొంగును చింపి ఆ చేతికి చుట్టింది. ఆటోలో ఎక్కించేటప్పుడు కూడా చిన్నమ్మ నా భుజం వదలకపోయేసరికి నన్నూ ఎక్కించారు.

దారి పొడుగునా కాక ఒకటే మాట. "పటాక పేలిందని చెప్పాలె. ఇన్నవానే అమ్మా? పటాక. తుపాకి అంటె కేసైతది, లైసెన్స్ పోతది, నన్ను లోపలేస్తరు. రేణుకా, నువ్వు గూడ. ఏమంటవ్?"

భయమేసినప్పుడు నాకు మాట రాదు, ఇప్పటికీ రాదు. అవ్వ చిన్నమ్మ తల తన ఒళ్లో పెట్టుకుని, తడిసిపోతున్న గుడ్డ మీద గుడ్డ చుడుతూ ఉంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా చిన్నమ్మ కన్నడంలో అమ్మను పిలుచుకుంది.

దవాఖానలో డాక్టరు గుడ్డ విప్పి చూసి, కాక వైపు చూశాడు. "ఏమైంది?"

"పటాక సార్. చేతిలనే పేలింది."

"దసరకు పటాకలా?"

డాక్టరు మా ముఖాలన్నీ చూశాడు. అవ్వ లేచి నిలబడింది. సగం చిరిగిన కొత్త చీరతో, చేతులకు ఇంకా పూర్ణం ఎండి ఉండగా.

"తుపాకి సారూ. మా ఇంటిదే. పోలీసులకు ఏం రాయాల్నో రాయున్రి, ముందుగాల్ల పిల్లను సూడున్రి."

ఆ మాటతో కాక అవ్వతో కొన్ని నెలలు మాట్లాడలేదు. చిన్నమ్మను పట్నం పెద్ద దవాఖానకు పంపారు. ప్రాణం దక్కింది. ఎడమచేతి చిటికెనవేలు, ఉంగరపు వేలు పోయాయి. పోలీసులు తుపాకిని తీసుకుపోయారు. ప్రమాదమని తేలింది. ఊళ్లో మాత్రం తీర్పు వేరుగా వచ్చింది. కన్నడపిల్ల, తెలుగు సరిగ్గా రాక ఇట్లా అయిందన్నారు. మా మేనత్తలు అన్నారు, తాత అన్నాడు, చివరికి కాక కూడా అన్నాడు. ఆమెకు తెలుగు రాకపోవడం కాదు, వచ్చినందువల్లే అట్లా జరిగిందని నాకు తెలుసు. మా ఇంట్లో ఆ మాటను ఎట్లా నేర్పారో ఆమె అట్లాగే వాడింది. ఆ సంగతి తెలిసిన రెండో మనిషి అవ్వ. చిన్నమ్మ కట్టుతో ఇంటికి వచ్చిన రోజు అవ్వ ఆమె మంచం పక్కన కింద కూర్చుని, "నా మాట తిన్నదే బిడ్డా నీ చెయ్యి" అంది. చిన్నమ్మ కుడిచేత్తో అవ్వ తల నిమిరింది. అత్త తలను కోడలు నిమరడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అప్పటినుంచి మా ఇంట్లో మాటలు మారిపోయాయి. బియ్యం అయిపోతే అవ్వ "బియ్యం లేవు" అనేది. మొదట్లో ఆ మాట అన్నప్పుడల్లా ఆమె గొంతు కొంచెం తడబడేది. అన్నాక దేవుని గూటి వైపు చూసేది, ఏమనుకుంటాడో అన్నట్టు. అయినా అనేది. గాజు పగిలితే పగిలింది అనేది. జీవితమంతా నమ్మిన నమ్మకాన్ని ఒక ముసలామె అట్లా మాట మాటగా విరుచుకోవడం పక్కన కూర్చుని చూశాను. పుస్తకాల్లో నేను అంత ధైర్యాన్ని చదవలేదు.

అంతటితో ఊరుకోలేదు. దసరాకు ముందు, తుపాకి ఉన్న ఇళ్లు చుట్టుపక్కల ఎక్కడున్నా నన్ను వెంటబెట్టుకుని పోయేది. కడప బయటే నిలబడి, "తూటా ఏడున్నదే అక్కా?" అని ఇంటావిడను అడిగేది. మగవాళ్లను అడిగేది కాదు. "వాళ్లకు తుపాకి ఏడున్నదో ఎరుక, తూటా ఏడున్నదో ఎరుక ఉండది" అనేది. మగవాళ్లు అరుగుల మీంచి నవ్వేవారు. "ఓ, ఎస్సై అవ్వ తనిఖీకి వచ్చింది, చేతులు పైకెత్తున్రి!" అవ్వ కూడా తగ్గేది కాదు. "ఎత్తు కొడుకా, ఎత్తు. నా కోడలికి ఎత్తుదామన్న సగం చెయ్యే ఉన్నది" అనేది. నవ్వు ఆగిపోయేది. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లు కడప దగ్గర అరచెయ్యి చాపడం మొదలుపెట్టారు. నాకు తెలిసి ఇప్పటికీ చాపుతున్న ఇళ్లున్నాయి.

కేసు తేలాక, కావాలంటే తుపాకి కోసం అర్జీ పెట్టుకోవచ్చని తాతకు చెప్పారట. అవ్వ పెట్టనివ్వలేదు, అది ఠాణాలోనే ఉండిపోయింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నవాళ్లు తుపాకులు ఠాణాలో అప్పగించాలి కదా. ఇక్కడ జహీరాబాద్‌లో దుకాణానికి పోతూ చూస్తుంటాను, బెడ్‌షీట్లలో, యూరియా సంచుల్లో చుట్టి మోటారుసైకిళ్ల మీద తీసుకుపోతుంటారు. ఓట్ల లెక్కింపు అయ్యాక మళ్లీ తెచ్చుకుంటారు. ఆ కొన్నాళ్లు ఎందుకు ప్రమాదమో, మిగతా రోజులు ఎందుకు కాదో నాకు అర్థం కాదు. ఒకప్పుడు పందులే మాకు శత్రువులు. ఇప్పుడు దుకాణం బల్ల ముందు రైతులు మాట్లాడుకునేది వింటే, గట్ల గురించి, బోర్ల గురించి, తోబుట్టువులతో తగాదాల గురించే ఎక్కువ ఉంటుంది. కోపాలు చిన్నవైపోయి మనుషుల మధ్యకు వచ్చాయి.

తాత నిరుడు పోయాడు. ఆ తర్వాత వానలకు అవ్వ. అవ్వ ఉన్నన్నాళ్లు కాక ఆ తుపాకి పేరెత్తలేదు. ఆమె మాసికం పెట్టిన వారానికే కాగితంతో వచ్చాడు.

"గీడ పెట్టు రేణుకా. చాయ్ తాగి పోత" అన్నాడు కాక, కాగితం మీద వేలు పెట్టి.

నేను పెన్ను పట్టుకునే, "పందుల కోసమేనా కాకా?" అన్నాను.

"పందులు ఎప్పుడు లేవు? గట్టు పక్కాయన ఉన్నడు సూడు, ఎండకాలం గట్టు ఇటు జరిపిండు. అడుగవోతె మీదికొస్తుండు. ఇంట్ల తుపాకి ఉన్నదని ఎరుకైతె ఇటు దిక్కు సూడడు."

అమ్మ చాయ్ గిన్నె దించేసింది. "మనిషికి సూపిస్తవా తమ్మీ?"

"సూపిస్తె ఏమైతది వదినా? కాలుస్తనా? ఖాళీ తుపాకే సూపిస్త."

ఆ మాట పడగానే అమ్మా నేనూ చిన్నమ్మ వైపు చూశాం. చిన్నమ్మ నేల చూస్తోంది. కాకకు మా చూపు అర్థమైంది, అది అతనికి కోపం తెప్పించింది.

"ఎన్నటి ముచ్చటనే అది! పోయిన వేళ్లు దానివి, ఫికర్ మీకు. ఆమెనే అడుగున్రి. ఏమే, చెప్పు, నీకేమన్న ఉన్నదా?"

"నాకేం లేదు" అంది చిన్నమ్మ.

అని, ఎడమచేతి మీదికి కొంగు లాక్కుంది. ఆ చేతిని ఆమె మా ముందు ఎప్పుడూ దాచుకోలేదు. ఆ చేత్తోనే నాకు జడలు వేసింది, ఆ మూడువేళ్లతోనే పోలెలు ఒత్తింది. ఆ రోజు దాచింది. లేదు అని చెప్పిన మాట ఎంత నిండుగా ఉంటుందో మా ఇంట్లో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేను పెట్టను కాకా" అన్నాను.

నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, అమ్మ "ఏమన్నవే?" అంది. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి నాకే వినబడేంత గట్టిగా వచ్చింది. "తుపాకి ఇంటికి రావొద్దు. నేను పెట్టను."

కాక మొదట నవ్వాడు. "ఎవలు నేర్పిన్రే నీకు? ఇంత లేవు, నీకంటె ఎత్తు మాట్లాడుతున్నవ్."

"ఎవ్వరు నేర్పలే."

"అల్లమంత పందులు తవ్వి పోసినయ్. నువ్వు ఫ్యాన్ కింద కూసోని బిల్లులు కొడ్తవ్. నీకేం తెలుస్తది నా గోస?"

గోస నిజమే. నాకు తెలుసు. అందుకే దుకాణంలో విన్నవన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పాతచీరలు చుట్టూ కడుతున్నారనీ, మంగలి దుకాణంలో వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లుతున్నారనీ, కుక్కల మొరుగుడు రికార్డు చేసి మైకులో పెట్టుకుంటున్నారనీ. మైకు నేనే తెచ్చిస్తాననీ. గట్టు సంగతికి సర్వేయరును పిలిపిద్దాం, నేనూ వస్తాననీ. పెన్ను కుట్టుమిషను మీద పెట్టేసి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

అమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. "నేను గూడ పెట్ట తమ్మీ" అంది.

కాక కాగితాన్ని మడిచి కవరులో పెట్టుకున్నాడు. చాయ్ ముట్టలేదు. చిన్నమ్మ తన కప్పు చివరిదాకా తాగి, బోర్లించి, లేచింది. నా ముందునుంచి పోతూ ఎడమచేతి మీది కొంగు జారిపోనిచ్చింది. ఆమె మెట్లు దిగాక కాక గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా కాక నాతో మాట్లాడలేదు. ఫోను చేస్తే చిన్నమ్మే ఎత్తుతుంది, పక్కన అతని దగ్గు వినబడుతుంది. పందులు ఇంకా వస్తూనే ఉన్నాయట. గుమ్మంలో నిలబడి, నావైపు చూడకుండా, కాక నాతో అన్న చివరి మాట ఇది:

"ఆ మైకుల కుక్కలెందుకు బిడ్డా, నీ గొంతే పెట్టు. ఇయ్యాల నాకే ఇనబడ్డది, పందులకు ఇనబడదా?"